ఐర్లండు నుంచి మదనపల్లెకు

వలసపోయిన ఐరిష్‌వాణ్ణి గురించి స్మృతివ్యాసం రాయడం అమెరికాలో సులువైన పని. దానికొక మూస తయారుగా ఉంది. కరువుకు తాళలేక ఓడెక్కినవాడు, రేవులో మూటలు మోసినవాడు, నాలుగు డబ్బులు కూడబెట్టి సారాయి అంగడో కిరాణా అంగడో పెట్టుకున్నవాడు, పిల్లల్ని చదివించి ఆ వీధికి పెద్దమనిషి అనిపించుకొని కన్నుమూసినవాడు. ఆ జీవితాల్లో కష్టం ఉంది, మర్యాద ఉంది. వాటిని నేను తేలిక చేయడం లేదు. కాని మా చిత్తూరు సీమకు వచ్చిన ఐరిష్‌వాడి కథ ఆ మూసలో ఇమడదు. ఆయన ఇక్కడ అంగడి పెట్టలేదు, ఆస్తి కూడబెట్టలేదు. మదనపల్లెలో పంతులుగా బతికి, మదనపల్లెలోనే 1956 ఫిబ్రవరి 20న చనిపోయాడు. ఆయన పేరు జేమ్స్ హెన్రీ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్. ఆ దంపతుల్లో ఒకరిని వదిలి మరొకరిని గురించి రాయడం సాధ్యం కాదు. 1950లో వాళ్లు కలిసి రాసుకున్న ఆత్మకథకు పెట్టుకున్న పేరు కూడా "మేమిద్దరం కలిసి" అనే అర్థం వచ్చేదే.

నేను పీలేరు దాపున పుట్టి, తిరుపతిలో సాహిత్యం పాఠాలు చెప్పుకొని బతికినవాణ్ణి. భాకరాపేట కనుమ ఎక్కి పీలేరు, వాయల్పాడు దాటితే మదనపల్లె. అంచేత ఈ దంపతుల పేర్లు నాకు పుస్తకాలకంటె ముందు జనం నోట వినబడ్డాయి. వినబడింది ఒక్కటే ముక్క: "జనగణమనకు బాణీ కట్టింది మదనపల్లె దొరసాని." నా తరగతి గదుల్లో ఈ ముక్క మీద ఎన్నోసార్లు వాదం లేచింది. ఒక పక్షం విద్యార్థులు దీన్ని మన జిల్లా ఘనతగా చెప్పుకొని పొంగిపోతారు. ఇంకొక పక్షం, "తెల్లవాళ్లు వచ్చి మనకు పాట నేర్పారా? ఈ మోత మనకెందుకు?" అని చిరాకుపడతారు. ఇద్దరి ఆవేశమూ నాకు అర్థమవుతుంది. కాని ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారని నా అభిప్రాయం. ఇద్దరూ ఆ మనుషుల జాతిని చూస్తున్నారు, జీవితాన్ని చూడడం లేదు.

ముందుగా పాట సంగతి తేల్చుకోవాలి. జనగణమనను 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో పాడారు. అప్పటికి కజిన్స్ దంపతులు ఇండియాలో అడుగే పెట్టలేదు. పాటా బాణీ రెండూ రవీంద్రనాథ ఠాకూరువే. ఆయన 1919 ఫిబ్రవరి చివర మదనపల్లె వచ్చి, దివ్యజ్ఞాన కళాశాలలో ప్రిన్సిపాలుగా ఉన్న కజిన్స్‌కు అతిథిగా కొన్ని రోజులున్నాడు. ఒక సాయంత్రం విద్యార్థుల పాటల కూటంలో తన పాట పాడాడు. పిల్లలు వెంటనే పల్లవి అందుకున్నారు. పాశ్చాత్య సంగీతంలో పట్టభద్రురాలైన మార్గరెట్, ఆయన పాడిన స్వరాలను పాశ్చాత్య పద్ధతిలో కాగితం మీద పెట్టింది. ఫిబ్రవరి 28 తేదీతో ఠాకూరు స్వయంగా ఆ పాటకు ఇంగ్లీషు అనువాదం రాసి ఇచ్చాడు. జరిగింది ఇదీ. నోటినుంచి నోటికి పోయే పాట ఊరికొక తీరుగా మారుతుంది. కాగితం మీద స్వరాలు నిలిస్తే ఆ భాష రానివాడు కూడా దాన్ని చూసి వాయించగలడు. మార్గరెట్ చేసింది ఆ పని. అది చిన్నపని కాదు. కాని దాన్ని "బాణీ కట్టడం" అనడం ఠాకూరుకు అన్యాయం, మార్గరెట్‌కు కూడా మేలు చేయదు. లేని ఘనత అంటగట్టడంవల్ల ఆమెకు ఉన్న ఘనత మరుగున పడిపోయింది.

మా నాన్నకు పీలేరులో చిన్న కిరాణా అంగడి ఉండేది. అప్పు ఇవ్వడం, వసూలు చేయడం మీద నడిచే వ్యాపారం గనుక మనుషులను తూచడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. "మనిషి మంచోడా చెడ్డోడా అని అడగొద్దురా. ఆడిన మాటవల్ల వానికి నష్టం వచ్చినప్పుడు ఏం చేసినాడో అడుగు" అనేవాడు. నేను చదివిన సాహిత్య సిద్ధాంతాలలో చాలావాటికంటె ఈ కొలత నాకు ఎక్కువగా ఉపయోగపడింది. కజిన్స్ దంపతులను కూడా దీనితోనే కొలవాలని నా కోరిక.

అంతకంటె ముందు ఐర్లండును గూర్చి రెండు మాటలు చెప్పాలి. 1845లో అక్కడ బంగాళదుంప పంటకు తెగులు సోకింది. ఆ తర్వాతి ఏళ్లలో సుమారు పది లక్షలమంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. మరో పది లక్షలమంది దేశం విడిచిపోయారు. జనం చస్తూ ఉండగానే ఓడల్లో తిండిగింజలు ఇంగ్లండుకు ఎగుమతి అయ్యాయి. ఆ కరువు సహాయానికి లండను ఖజానా శాఖలో అధికారిగా ఉండి, సంతను దాని మానాన వదిలేయాలన్న సూత్రానికి కట్టుబడినవాడు చార్లెస్ ట్రెవెలియన్. ఆయనే 1859లో మద్రాసుకు గవర్నరుగా వచ్చాడు. 1876-78 కరువులో మన కడప, బళ్లారి, కర్నూలు జిల్లాలు మాడిపోయినప్పుడు పాలకులు వల్లించిన సూత్రం అదే. అప్పుడూ ఓడలు ధాన్యంతో రేవులు దాటాయి. మదనపల్లె ఆనాడు కడప జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. కనుక ఐర్లండుకూ రాయలసీమకూ ఉన్న చుట్టరికం వేదాంతంలో వెదకనక్కర్లేదు. ఒకే ఖజానా, ఒకే సూత్రం, ఒకే ఆకలి.

అయితే ఈ చుట్టరికం దానంతటదే మైత్రి అయిపోదు. బ్రిటిషు సైన్యంలో, సివిలు సర్వీసులో ఐరిష్‌వాళ్లు లెక్కకు మిక్కిలిగా ఉండేవారు. జలియన్‌వాలాబాగ్ హత్యాకాండ జరిగిన 1919లో పంజాబు లెఫ్టినెంటు గవర్నరుగా ఉండి, దాన్ని సమర్థించిన మైకేల్ ఓడ్వయ్యరు ఐర్లండు బిడ్డే. ఆ మరుసటి ఏడాది, 1920 జూన్‌లో, అదే పంజాబులోని జలంధరులో కనాట్ రేంజర్స్ దళంలోని ఐరిష్ సిపాయిలు, తమ దేశంలో బ్రిటిషు సేనలు సాగిస్తున్న దౌర్జన్యాలకు నిరసనగా ఆయుధాలు కింద పెట్టారు. వారిలో జేమ్స్ డేలీ అనే యువకుణ్ణి నవంబరులో కాల్చి చంపారు. ఓడ్వయ్యరూ ఐరిషే, డేలీ ఐరిషే. పుట్టిన గడ్డ మనిషికి గుర్తును మాత్రమే ఇస్తుంది. పక్షాన్ని మనిషే ఎంచుకోవాలి.

జేమ్స్ 1873లో బెల్‌ఫాస్టులో పుట్టాడు. పెద్ద చదువులు చదివే స్తోమతు లేని కుటుంబం. చిన్ననాడే పనిలో చేరి, గుమాస్తాగిరీ చేస్తూ కవిత్వం రాశాడు. కొంతకాలం బెల్‌ఫాస్టు మేయరుకు ఆంతరంగిక కార్యదర్శిగా ఉండి ఉపన్యాసాలు రాసిపెట్టాడు. 1897లో డబ్లిన్ చేరి ఓడల కంపెనీలో గుమాస్తా అయ్యాడు. ఐరిష్ జాతీయ నాటకోద్యమం పురుడు పోసుకుంటున్న రోజులవి. 1902లో ఆయన నాటకాలు అక్కడ ప్రదర్శించారు. 1905 నుంచి బడిలో ఉపాధ్యాయుడు. 1904 వేసవిలో నిలువ నీడలేని జేమ్స్ జాయిస్ అనే యువకుడు కొద్దిరోజులు ఈ దంపతుల ఇంట తలదాచుకున్నాడు. వాళ్ల శాకాహారం ఆయనకు పడలేదు. తర్వాత ఒక వ్యంగ్య కవితలో కజిన్స్‌ను ఎద్దేవా కూడా చేశాడు. మహారచయితల జీవితచరిత్రల్లో ఇటువంటి చిన్న మనుషులకు దొరికే చోటు ఆమాత్రమే.

1913లో ఈ దంపతులు ఐర్లండు విడిచి లివర్‌పూలు పోయారు. అక్కడ జేమ్స్ శాకాహార పదార్థాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం చేశాడు. మన కథానాయకుడు వ్యాపారం చాయలకు వెళ్లింది ఆ రెండేళ్లే. 1915లో అనిబిసెంటు పిలుపు మీద మద్రాసు వచ్చి, ఆమె "న్యూ ఇండియా" పత్రికలో ఉపసంపాదకుడుగా చేరాడు.

ఆరునెలలు తిరిగేసరికి మా నాన్న చెప్పిన నష్టం వచ్చింది. 1916 ఏప్రిల్ 24న, ఈస్టరు సోమవారం నాడు, డబ్లిన్‌లో తిరుగుబాటు లేచింది. వారం రోజుల్లో దాన్ని అణచివేశారు. మే నెలలో నాయకులను వరుసగా కాల్చి చంపారు. వారిలో పియర్స్, మెక్‌డొనా, ప్లంకెట్ కవులు. మహిళల ఓటుహక్కు ఉద్యమంలో కజిన్స్ దంపతులకు సహచరుడైన ఫ్రాన్సిస్ షీహీ-స్కెఫింగ్టన్ తుపాకి పట్టినవాడు కాడు, యుద్ధ వ్యతిరేకి. ఆయన్ను విచారణ కూడా లేకుండా ఒక బ్రిటిషు అధికారి కాల్పించాడు. ఈ వార్తలు మద్రాసు చేరినప్పుడు జేమ్స్ ఊరుకోలేదు. ఆ తిరుగుబాటుదారులను శ్లాఘిస్తూ "న్యూ ఇండియా"లో వ్యాసం రాశాడు. యుద్ధకాలం, ప్రెస్ చట్టం బుసకొడుతున్న కాలం. ఆ మే నెలలోనే ప్రభుత్వం ఆ పత్రికనుంచి 2,000 రూపాయల ధరావతు అడిగింది. బిసెంటు జేమ్స్‌ను పత్రికనుంచి తప్పించింది. స్వపరిపాలన కోసం పోరాడుతున్న పత్రికే, మరొక వలస దేశపు తిరుగుబాటును మెచ్చుకున్నవాణ్ణి భరించలేకపోయింది. మితవాద జాతీయతకు ఉన్న హద్దు ఎక్కడో చూపడానికి ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతం అక్కర్లేదు. బిసెంటు ఆయన్ను వీధిలో వదలలేదు, మదనపల్లె కళాశాలలో పని ఇప్పించింది. ఆమె పట్ల న్యాయంగా ఈ మాట కూడా చెప్పాలి. మరుసటి ఏడు ఆమే నిర్బంధానికి గురైంది.

అంటే జేమ్స్ మదనపల్లె పంతులు కావడం వెనుక ఒక ఉద్వాసన ఉంది. ఠాకూరు ఆ కళాశాలకు వచ్చినా, పాట పాడినా, మార్గరెట్ స్వరాలు రాసినా, వాటన్నిటికీ ముందు డబ్లిన్‌లో పేలిన తుపాకులున్నాయి. తరగతి గదిలో పాట కథ చెప్పేవాళ్లు ఈ భాగం ఎందుకు వదిలేస్తున్నారో నాకు బోధపడదు. ఠాకూరు మదనపల్లె విడిచిన మూడు నెలలకే, మే చివర, జలియన్‌వాలాబాగ్‌కు నిరసనగా "సర్" బిరుదును వదులుకున్నాడని కూడా ఆ కథలో చేర్చి చెప్పాలి. అప్పుడు ఆ పాటల సాయంత్రం ఒట్టి ముచ్చటగా మిగలదు, చరిత్రలో భాగమవుతుంది.

మార్గరెట్ దారి ఇంకా కఠినమైనది. 1878లో రాస్కామన్ జిల్లా బాయిల్‌లో పుట్టింది, డబ్లిన్‌లో సంగీతం చదివింది. 1908లో ఐరిష్ మహిళా ఓటుహక్కు సంఘాన్ని స్థాపించినవారిలో ఒకతె. 1910లో లండన్ హాలొవే జైలులో నెల రోజులుంది. ఐర్లండుకు స్వపరిపాలన ఇచ్చే బిల్లు 1912లో వస్తే అందులో స్త్రీలకు ఓటు లేదు. జాతీయ నాయకులకు ఆ లోటు కనబడలేదు. 1913 జనవరిలో ఆమె డబ్లిన్ కోట కిటికీ అద్దాలు పగలగొట్టి టల్లమోర్ జైలుకు పోయింది, రాజకీయ ఖైదీగా గుర్తించాలని నిరాహారదీక్ష చేసింది. దేశానికి స్వాతంత్ర్యం వస్తే స్త్రీ సంగతి తర్వాత చూద్దామనే మాట ఎంత పాతదో, ఎన్ని దేశాల్లో విన్నదో, మన విద్యార్థినులు గమనించాలి.

ఆ అనుభవాన్ని ఆమె ఇక్కడికి మోసుకొచ్చింది. 1917లో అడయారులో భారత మహిళా సంఘం ఏర్పడడంలో ఆమె ముఖ్యురాలు. ఆ డిసెంబరు 18న సరోజినీ నాయుడు నాయకత్వాన మహిళల ప్రతినిధివర్గం మద్రాసులో మాంటేగును కలిసి ఓటుహక్కు అడిగింది. ఆ ప్రయత్నానికి వెనుక నడుం కట్టింది మార్గరెట్. 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు ఇచ్చింది. బ్రిటిషిండియా రాష్ట్రాలలో అది మొదటిది. ఈ విజయాన్ని మెచ్చుకుంటూనే దాని పరిమితి కూడా చెప్పాలి. ఓటుకు ఆస్తి అర్హత అలాగే ఉంది. వాయల్పాడు చేలల్లో వేరుసెనగ పెరికే కూలి ఆడదానికి ఆ ఓటు అందలేదు. ఆమెకు ఓటు రావడానికి రాజ్యాంగం రావలసి వచ్చింది. 1927లో అఖిల భారత మహిళా సభను స్థాపించడంలోనూ మార్గరెట్ ముందుంది. అందులోనూ గొంతు వినిపించినవాళ్లు ఎక్కువగా చదువుకున్న ఇళ్ల స్త్రీలే.

1922లో ప్రభుత్వం ఆమెను గౌరవ మేజిస్ట్రేటుగా నియమించింది. పదేళ్లు తిరిగేసరికి, 1932 డిసెంబరులో, ఆమె అదే ప్రభుత్వపు బోనులో నిలబడింది. వాక్స్వాతంత్ర్యాన్ని నొక్కేసే ఆర్డినెన్సులను ఎదిరిస్తూ మద్రాసులో బహిరంగంగా మాట్లాడింది. ఏడాది శిక్ష వేసి వేలూరు జైలుకు పంపారు. చిత్తూరు నుంచి వేలూరు ఎంత దూరం? పొద్దున బస్సెక్కితే కోర్టు తెరిచే వేళకు చేరతాం. అప్పటికి ఆమెకు యాభై నాలుగేళ్లు. దేశం కాని దేశంలో మూడో జైలు. జనగణమన స్వరాల కాగితాన్ని తలుచుకునే మనం ఈ జైలును ఎందుకు తలుచుకోము? కాగితాన్ని తలుచుకోవడంవల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. ఆర్డినెన్సును తలుచుకుంటే ఇబ్బంది. అదీ అసలు కారణమని నా అనుమానం.

మరొక సంగతి నాకు ఆమెపట్ల గౌరవాన్ని రెట్టింపు చేసింది. భారత మహిళలు తమ నాయకత్వం తామే చేపట్టిన తర్వాత, తాను ముందు నిలబడవలసిన అవసరం తీరిపోయిందని ఆమె గ్రహించి, ఆ మాటను దాచకుండా రాసుకుంది. పరాయిచోటికి సేవకు వచ్చినవారిలో ఎక్కువమంది నేర్వని విద్య ఇది. రావడం సులువు, పని చేయడం కూడా సులువే. పక్కకు జరగడమే కష్టం.

ఇక కజిన్స్ సాహిత్య దృష్టి. ఇక్కడ నేను ఆయనతో ఏకీభవించలేను. ఆయన పుస్తకాలలో కనిపించే భారతదేశం ఉపనిషత్తుల, దేవాలయాల, చిత్రలేఖనాల దేశం. తూర్పు ఆత్మ, పడమర పదార్థం అనే విభజన ఆయనకు ప్రాణం. 1918లో భారత పునరుజ్జీవనాన్ని గురించి పుస్తకం రాశాడు. మైసూరులో, తిరువాన్కూరులో చిత్రశాలలు ఏర్పడడానికి తోడ్పడ్డాడు. 1937లో హిందూమతం స్వీకరించి జయరాముడయ్యాడు. కళలకు ఆయన చేసిన సేవ నిజమైనదే. కాని మదనపల్లె చుట్టూ ఎండిన చెరువులు, వడ్డీకి లొంగిన రైతు, ఊరి చివర మాలపల్లె "ఆత్మ" అనే మాటలో కనబడవు. ఐర్లండు కరువును ఎరిగిన జాతివాడు సీమ కరువును తన భావనలో కేంద్రంగా పెట్టుకోలేకపోయాడంటే దోషం ఆయన హృదయానిది కాదు, ఆయన నమ్మిన భావవాదానిది. సామ్రాజ్యవాదాన్ని ఎదిరించిన మనిషిలోనే, ఆ సామ్రాజ్యవాదపు పండితులు అల్లిన "ఆధ్యాత్మిక ప్రాచ్యం" అనే బొమ్మకూడా కాపురం ఉండగలదు. ఈ వైరుధ్యాన్ని కప్పిపుచ్చితే విమర్శ కాదు, స్తోత్రం అవుతుంది.

ఆ భావవాదంలోనుంచే ఒక మంచి పని కూడా జరిగింది. 1924లో మైసూరులో ఒక యువకుడు తన ఇంగ్లీషు కవితలు తెచ్చి కజిన్స్‌కు చూపించాడు. నీ భాషలో ఏమి రాశావని కజిన్స్ అడిగాడు, కన్నడంలో రాయమని సలహా చెప్పాడు. ఆ యువకుడు పుట్టప్ప, కన్నడిగుల కువెంపు. ఆయన 1967లో జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నాడు. ఇంగ్లీషు పాఠం చెప్పి జీతం తీసుకునే పంతులు, ఇంగ్లీషులో రాయవద్దని ఒక ప్రతిభావంతుడికి చెప్పడం మామూలు విషయం కాదు. ఐర్లండులో సొంత భాష ఎలా అణగిపోయిందో చూసినవాడు గనుక చెప్పగలిగాడు. తెలుగు, కన్నడం, తమిళం ఒకే సంతలో వినబడే మా సరిహద్దు జిల్లాలో ఇంగ్లీషు పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడూ ఆ ప్రశ్నను తన విద్యార్థిని ఒక్కసారైనా అడగాలి.

మార్గరెట్ చివరి పదేళ్లు పక్షవాతంతో మంచాన పడి, 1954 మార్చి 11న అడయారులో చనిపోయింది. మద్రాసు ప్రభుత్వమూ, తర్వాత నెహ్రూ ఆమెకు ధనసహాయం చేయవలసి వచ్చిందంటే వాళ్లు వెనకేసుకున్నది ఎంతో తెలుస్తుంది. రెండేళ్లకు జేమ్స్ పోయాడు.

నాన్న కొలతతో చూస్తే లెక్క తేటగా ఉంది. మాటవల్ల నష్టం వచ్చినప్పుడు జేమ్స్ ఉద్యోగం పోగొట్టుకున్నాడు, మాట వెనక్కు తీసుకోలేదు. మార్గరెట్ మూడు జైళ్లు చూసింది. వాళ్ల వేదాంతం మనకు అక్కర్లేదు, వాళ్ల వర్గ పరిమితులను మన్నించనక్కర్లేదు. కాని పరాయివాళ్లని తోసెయ్యడానికీ, దొరలని మొక్కడానికీ ఆ జీవితాలు ఒప్పుకోవు. వాళ్లు తమ సొంత దేశపు గాయంతో మన గాయాన్ని గుర్తుపట్టినవాళ్లు. మదనపల్లె పిల్లలకు స్వరాల కాగితం చూపించే ఉపాధ్యాయులు, ఆ కాగితం పక్కనే 1916 నాటి వ్యాసాన్ని గురించీ 1932 నాటి వేలూరు శిక్షను గురించీ చెప్పాలి. పాట నిలబడి పాడుతున్నాం సరే, ఎవరు ఎందుకు నిలబడ్డారో కూడా పిల్లలకు తెలియాలి.